సంఘం నుండి శాసనసభకు

1952 మార్చి 6వ తేదీన హైదరాబాదు రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకొన్న తొలి ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావు పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆ ఎన్నికలలోనే వనపర్తి నుండి సురవరం ప్రతాపరెడ్డి శాసనసభకు, నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మాడపాటి హనుమంతరావు అప్పటికే హైదరాబాదు నగరానికి మేయరు. ఈ నలుగురూ ఒకే పక్షానికి చెందినవారు కారు. భూమి ఎవరికి చెందాలి, ప్రభుత్వాన్ని ఎంతవరకు ఎదిరించాలి అనే విషయాలలో వీరి అభిప్రాయాలకు పొత్తు కుదరలేదు. అయినా నలుగురి జీవితాలలోను ఒక సమానాంశం కనిపిస్తుంది. రాజకీయ పక్షం అనే మాట ఆ సంస్థానంలో వినిపించడానికి ముందే వీరంతా సంఘజీవులు. చందా చెల్లించి రసీదు పుచ్చుకోవడం, సమావేశానికి ఆహ్వాన పత్రికలు పంచడం, తీర్మానాన్ని ప్రతిపాదించి బలపరచడం వంటి పనులను వారు శాసనసభలో కాక సంఘ కార్యాలయాలలో నేర్చుకొన్నారు.

రాజకీయ నాయకుడు ముందుగా ఒక సంఘ సభ్యుడు కావడం ఇక్కడ మాత్రమే జరిగింది కాదు. అమెరికా స్వాతంత్ర్య నిర్మాతలలో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరంలో 1727లో కొందరు మిత్రులతో చర్చాగోష్ఠిని, 1731లో చందాదారుల గ్రంథాలయాన్ని, 1736లో నిప్పు ఆర్పే స్వచ్ఛంద దళాన్ని నెలకొల్పాడు. మన దేశంలో మోతీలాల్ నెహ్రూ వంటివారు ఫ్రీమేసన్ సోదర సంఘాలలో సభ్యులుగా ఉన్నారు. అయితే ఫ్రాంక్లిన్‌కు సంఘం ఒక సౌకర్యం. మోతీలాల్‌కు అది ఒక గౌరవ పరిచయం. నిజాం పాలనలోని తెలుగువారికి మాత్రం సంఘం తప్ప వేరే దారి లేదు. ఆ తేడాను గుర్తిస్తేనే తరువాతి కథ అర్థమవుతుంది.

అసఫ్‌జాహీ ప్రభువుల ఏలుబడిలో ఉన్న హైదరాబాదు సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు ఉండేవి. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు. కాని కచేరీలో తెలుగు లేదు, న్యాయస్థానంలో తెలుగు లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరలో పారసీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన ఘనతను పొందింది. ఆ భాష ఉర్దూ కావడం వల్ల ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి అది మరొక పరభాషే అయింది. ప్రైవేటు పాఠశాల తెరవాలంటే అనుమతి కావాలి. బహిరంగ సభ జరపాలన్నా అనుమతి కావాలి. ‘గస్తీ నిషాన్ 53’ అని పేరు మోసిన ఉత్తర్వు సభలన్నింటినీ ప్రభుత్వ దృష్టిలో ఉంచింది. రాజకీయాలు మాట్లాడమని హామీ ఇస్తే గాని నలుగురు ఒకచోట కూర్చోలేని రోజులవి. అటువంటి చోట పుస్తకాలు చదువుకొనే గది ఒకటి తెరవడం పైకి ఎంత సాధువైన పనో, లోపల అంత సాహసం.

ఆ సాహసం 1901 సెప్టెంబరు 1న జరిగింది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రేరణతో, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికతో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం దానికి తోడయింది. ఈ పేర్లలో ఒక విశేషముంది. కృష్ణదేవరాయలు హైదరాబాదును ఏలినవాడు కాడు. రాజరాజ నరేంద్రుడు హనుమకొండ ప్రభువు కాడు. ఓరుగల్లు గడ్డ మీద నిలిచి కాకతీయుల పేరు పెట్టుకోక, రాజమహేంద్రవరపు చాళుక్యుని పేరు పెట్టుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. పెద్దనకు ఆశ్రయమిచ్చినవాడు రాయలు; నన్నయచేత భారతాన్ని తెనిగింపజేసినవాడు రాజరాజు. స్థాపకులు ఏరుకొన్నది దండయాత్రలను కాదు, కవిపోషణను. తమ అడుగు భాషకు సంబంధించినదని అటు ప్రభుత్వానికి చెప్పడానికి, ఇటు తమవారికి గుర్తు చేయడానికి ఆ పేర్లు చక్కగా ఉపకరించాయి. ‘ఆంధ్ర’ శబ్దాన్ని కూడా నేటి అర్థంలో గ్రహించరాదు. ప్రాచీన కావ్యాలలో వలెనే ఆ కాలంలోను అది ‘తెలుగు’ అనే మాటకు పర్యాయపదం. ఒక ప్రాంతాన్ని మాత్రమే సూచించే పదం కాదు.

గ్రంథాలయం చేసే పని పుస్తకాలు ఇవ్వడం మాత్రమే కాదు. దానికి ఒక కార్యదర్శి ఉంటాడు. అతడు చందాలు వసూలు చేయాలి, లెక్క చూపాలి, ఏడాదికొకసారి నివేదిక చదవాలి. సభ్యులు ప్రశ్నిస్తే జవాబు చెప్పాలి. ఎన్నికలో ఓడితే కుర్చీ ఖాళీ చేయాలి. ఓటు హక్కు ఎరుగని సంస్థానంలో ఈ చిన్న గదులలోనే మొదటిసారిగా చేతులెత్తి లెక్కపెట్టడం జరిగింది. పత్రికాపఠన మందిరంలో మదరాసు నుండి, బందరు నుండి వచ్చే పత్రికలు చదివిన యువకుడికి బయటి లోకం తెలిసింది. పోలీసులు గ్రంథాలయాలను అనుమానంగా చూశారంటే ఆశ్చర్యం లేదు. నిజానికి వారి అనుమానం పూర్తిగా తప్పని కూడా చెప్పలేము.

ఇరవై ఏళ్ళు ఇలా గడిచాక ఒక చిన్న అవమానం పెద్ద మలుపునకు కారణమయింది. 1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరుగుతున్నది. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కార్వే. వితంతువుల విద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహనీయుడాయన. వక్తలు ఆంగ్లంలో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. సభ శ్రద్ధగా విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో ఉపన్యాసం ఆరంభించగానే కేకలు, చప్పట్లు, ఎగతాళి మొదలయ్యాయి. ఆయన ప్రసంగం సాగలేదు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాష, సంస్కారం కోసం కూడిన సభలోనే చెల్లకుండా పోయింది.

ఆ రాత్రే పది పన్నెండు మంది తెలుగువారు టేకుమాళ్ల రంగారావు ఇంట్లో సమావేశమయ్యారు. సభలో ఎగతాళి చేసినవారిని దూషిస్తూ ఒక కరపత్రం వేసి ఊరుకొని ఉంటే ఆ కోపం మర్నాటికి చల్లారిపోయేది. వారు ఆ పని చేయలేదు. ఒక సంఘాన్ని స్థాపించారు. అదే ఆంధ్ర జనసంఘం. తొలినాటి సభ్యులలో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు ప్రభృతులు కనిపిస్తారు. కార్యదర్శి బాధ్యత మాడపాటి వారిపై పడింది. 1923 నాటికి ఊరూరా ఏర్పడిన శాఖలను కలుపుతూ ఆంధ్ర జనకేంద్ర సంఘం రూపొందింది.

ఈ సంఘం చేపట్టిన పనుల పట్టిక చూస్తే నేటి పాఠకుడికి అవి మరీ సౌమ్యంగా తోచవచ్చు. గ్రంథాలయాలు, పాఠశాలలు నెలకొల్పడం, పేద విద్యార్థులకు సహాయం చేయడం, తాళపత్ర గ్రంథాలను, శాసనాలను సేకరించడం వంటివి అందులో ప్రధానాలు. కొమర్రాజువారి పేరిట ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనాలను సంపుటంగా వెలువరించింది. కాని ఆ పట్టికలోనే వర్తకుల ఇబ్బందులు, వెట్టిచాకిరి కూడా చోటు చేసుకొన్నాయి. అధికారి ఊరికి వస్తే చాకలి, మంగలి, కుమ్మరి మొదలైన వృత్తులవారు కూలి లేకుండా ఊడిగం చేయాలి. ఈ ఊడిగానికి ప్రభుత్వ శాసనాలలోనే ఎంతవరకు ఆధారముందో, ఎక్కడ లేదో వివరిస్తూ సంఘం చిన్న పుస్తకాలు అచ్చు వేసి పంచింది. చట్టాన్ని ధిక్కరించమని అందులో లేదు. చట్టంలో ఏమున్నదో చెప్పడమే వారి ఆయుధం. ఇది న్యాయవాదుల పద్ధతి. దీని బలమూ అదే, పరిమితీ అదే.

మాడపాటి హనుమంతరావు కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో 1885లో జన్మించారు. ఉర్దూలో సంపాదకీయాలు వ్రాయగల దిట్ట. రాజభాషపై అంత అధికారం ఉన్నవాడే తెలుగు కోసం జీవితమంతా అర్జీలు వ్రాశాడు. ఆ అర్జీలు వ్రాసింది కూడా ఆ రాజభాషలోనే. ఆయన ఓర్పునకు గొప్ప నిదర్శనం 1928లో హైదరాబాదులో నెలకొల్పిన ఆంధ్ర బాలికల పాఠశాల. తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల నడపడానికి సంస్థాన విద్యాశాఖ గుర్తింపు దొరకదు. గుర్తింపు లేకుంటే పరీక్ష లేదు. పరీక్ష లేని చదువుకు తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపరు. ఈ చిక్కుముడిని మాడపాటి వారు సంస్థానం బయట విప్పారు. పుణేలో కార్వే మహర్షి స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను అంగీకరిస్తుంది. పాఠశాలను దానికి అనుబంధంగా చేర్చారు. ఏ సభలో తెలుగు ప్రసంగం అవమానం పాలయిందో, ఆ సభకు అధ్యక్షత వహించినవారి విశ్వవిద్యాలయమే హైదరాబాదు బాలికల తెలుగు చదువుకు పట్టా ఇచ్చింది. మరాఠీవారి మీద పగ పెంచుకొన్న సంఘమయితే ఆ తలుపు తట్టేది కాదు.

సురవరం ప్రతాపరెడ్డి దారి కొంత వేరు. రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో స్థాపించిన రెడ్డి విద్యార్థి వసతి గృహాన్ని ఆయన కొన్నేళ్ళు పర్యవేక్షించారు. ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను తెచ్చారు. కోపానికి ప్రతిగా కోపం కాక, పేర్లతో ఊళ్ళతో కూడిన ఒక జాబితాను ముందుంచడం సంఘజీవి చేసే పని. ఇక కుల ప్రాతిపదికపై వెలసిన వసతి గృహాలను నేటి దృష్టితో చూచినప్పుడు సందేహం కలగక మానదు. పల్లె నుండి వచ్చిన పిల్లవాడికి నగరంలో తలదాచుకొనే చోటు అవే ఇచ్చాయి. సంఘంలోని గోడలనూ అవే నిలిపాయి. ఆ గోడలకు అవతల ఉన్నవారు తమ సంఘాలను తామే కట్టుకోవలసి వచ్చింది. భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలిని, 1911లో మాన్య సంఘాన్ని నెలకొల్పి, దళిత బాలబాలికల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు తెరిచారు. ఆంధ్ర జనసంఘం పుట్టడానికి పదేళ్ళ ముందే ఈ పని సాగుతున్నదని మరువరాదు.

జనసంఘం 1930లో ఆంధ్ర మహాసభగా విస్తరించింది. మెతుకు సీమలోని జోగిపేటలో మార్చి నెలలో జరిగిన ప్రథమ సభకు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. మరుసటి ఏడు దేవరకొండ సభకు బూర్గుల, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటి, 1936లో షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి, 1937లో నిజామాబాదు సభకు మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పురుడు పోసుకోకముందే నిషేధానికి గురయింది. ఆ నిషేధం 1946 వరకు తొలగలేదు. అందువల్ల పార్టీ చేయవలసిన పనులు కూడా మహాసభ మీదనే పడ్డాయి. సాంస్కృతిక సంస్థగా పుట్టినదానిలోకి రాజకీయం చేరడానికి నాయకుల ఆశ కంటె ప్రభుత్వ నిషేధమే పెద్ద కారణం.

ఇక్కడ రావి నారాయణరెడ్డి ప్రవేశిస్తారు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన ఈ భూస్వామి బిడ్డ హరిజన సేవక సంఘంలో పనిచేశారు. 1938 సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. ఆ పిమ్మట కమ్యూనిస్టు అయ్యారు. 1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షుడు ఆయనే. అప్పటికి మహాసభలో రెండు తరాలు, రెండు దృష్టులు స్పష్టంగా విడివడ్డాయి. పెద్దలు అర్జీని, తీర్మానాన్ని నమ్మారు. చిన్నవారు పల్లెలోని రైతును, కూలిని సభ్యులుగా చేర్చాలన్నారు. ఈ వాదం సిద్ధాంతాల మీద కంటె ముందు ఒక చిన్న అంకె మీద తేలింది. సభ్యత్వ రుసుము రూపాయి ఉన్నంతకాలం సంఘం న్యాయవాదులది, ఉపాధ్యాయులది, వర్తకులది. 1944 భువనగిరి సభ నాటికి దానిని నాలుగణాలు చేశారు. రూపాయి ఇవ్వలేని మనిషి నాలుగణాలిచ్చి రసీదు తీసుకొన్నాడు. ఆ కాగితం అతడికి సంఘాన్ని తనదిగా చేసింది.

భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి మళ్ళీ అధ్యక్షులు. మితవాదులు ఆ సభకు దూరంగా ఉండి, వేరు మహాసభగా సాగారు. ఇరవై మూడేళ్ళ క్రితం ఒక ఇంట్లో పది పన్నెండు మంది నాటిన మొక్క రెండుగా చీలింది. తప్పు ఎవరిదని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకొంటారు. తాము కట్టిన ఇంటికి తలుపులు వెడల్పు చేస్తే తామే మైనారిటీ అవుతామని పెద్దలకు భయం కలిగిందనడం నిజమే. కాని వారి భయం కేవలం పదవీవ్యామోహం కాదు. అంత జనసమూహం కదిలితే ప్రభుత్వం తుపాకితో సమాధానం చెబుతుందన్న ఆందోళన కూడా అందులో ఉన్నది. రెండేళ్ళలో ఆ ఆందోళన నిజమయింది. అయితే అర్జీలతోనే ఉండిపోయి ఉంటే వెట్టి పోయేదా అన్న ప్రశ్నకు కూడా మితవాదుల వద్ద బదులు లేదు.

పల్లెలలో ‘ఆంధ్ర మహాసభ’ అనే సంస్కృత సమాసం ఎవరి నోటా నిలవలేదు. జనం దానిని ‘సంగం’ అన్నారు. మహాప్రాణాక్షరం అల్పప్రాణమయింది, ‘సంఘం’ పుస్తకం వదిలి ఊళ్ళోకి వచ్చింది. దొరలకు, వారి మనుషులకు ఎదురుగా కర్రలు పట్టుకొని నిలిచినప్పుడు అదే ‘గుత్పల సంగం’ అయింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకి కాల్పులకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆయన సంగం కార్యకర్త. ఆ మరణం తరువాత ఉద్యమం సాయుధ పోరాటంగా మారి 1951 వరకు కొనసాగింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాం పాలనను ముగించింది. మితవాదుల మహాసభ నిషేధం తొలగిన స్టేట్ కాంగ్రెస్‌లో అప్పటికే లీనమయింది.

అందుచేత 1952లో ప్రజల ముందుకు వచ్చినవారు ఒకే సంఘపు రెండు శాఖల వారసులు. ప్రజాతంత్ర కూటమి తరఫున నిలిచిన రావి నారాయణరెడ్డి నల్లగొండలో జవాహర్‌లాల్ నెహ్రూకు తన నియోజకవర్గంలో వచ్చిన వాటి కంటె ఎక్కువ ఓట్లు పొందారు. నాలుగణాల రసీదుల ఫలితం బ్యాలెట్ పెట్టెలో కనిపించింది. బూర్గుల షాద్‌నగర్ నుండి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. సంస్కృత, పారసీక, ఉర్దూ భాషలలో పండితుడైన ఆయన అంతకు ముందే 1950లో వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ శాఖను చూశారు. ఆ ఏడాదే అమలులోకి వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే కొత్త హక్కుదారుని సృష్టించింది. 1954లో ఆయన ప్రభుత్వం దానిని సవరించి భూపరిమితికి దారి చూపింది. జనసంఘం అచ్చువేసిన చిన్న పుస్తకాలు అడిగినదాని కంటె ఇది చాలా ఎక్కువ. పల్లెలలో జరిగిన పోరాటం లేకపోతే ఇంత దూరం వచ్చేదా అన్నది వేరే ప్రశ్న. మితవాదులు తెచ్చిన చట్టంలో అతివాదుల ఒత్తిడి ఉన్నదని ఒప్పుకోవడం ఉభయులకూ న్యాయం.

అధికారం సంఘజీవికి కొత్త పరీక్షలు కూడా పెట్టింది. 1952 సెప్టెంబరులో ముల్కీ నిబంధనల అమలు కోసం విద్యార్థులు ఉద్యమించినప్పుడు హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. ఒకప్పుడు సభ పెట్టుకోవడానికి అనుమతి అడిగినవారే ఇప్పుడు సభలను అదుపు చేసే స్థానంలో ఉన్నారు. ఆనాటి ప్రభుత్వ చర్యను బూర్గులవారి అభిమానులు కూడా సులభంగా సమర్థించలేరు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆయన ముఖ్యమంత్రి పదవిని వదలి కేరళ గవర్నరుగా వెళ్ళారు. ప్రతాపరెడ్డి శాసనసభలో ఎంతోకాలం ఉండలేదు. 1953 ఆగస్టులో కన్నుమూశారు.

ఈ పరంపరలో స్త్రీల పేర్లు తక్కువగా వినిపిస్తాయి. గుంటూరు శారదానికేతనంలో చదివిన సంగం లక్ష్మీబాయి 1952లో శాసనసభకు ఎన్నికై, విద్యాశాఖ ఉపమంత్రిగా, తరువాత మెదక్ నుండి లోక్‌సభ సభ్యురాలిగా పనిచేశారు. అనాథ బాలికల కోసం ఆమె నెలకొల్పిన ఇందిరా సేవాసదన్ పేరే హైదరాబాదులో ‘ఐ.ఎస్. సదన్’ అనే ప్రాంతానికి నిలిచిపోయింది. నగర బస్సు మీద ఆ పేరు చదివేవారిలో అది ఒక సేవాసంస్థ పేరని ఎరిగినవారు కొద్దిమందే.

మాడపాటి హనుమంతరావు 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది మూడేళ్ళు. సంఘ సమావేశాలలో మాట్లాడేవారికి వరుస కుదిర్చిన వ్యక్తికి ఆ ఆసనం కొత్తది కాదు. ఆయన రచించిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’, రావి నారాయణరెడ్డి రచించిన ‘వీర తెలంగాణ: నా అనుభవాలు, జ్ఞాపకాలు’ ఒకే సంస్థను ఇద్దరు కార్యకర్తలు రెండు వైపుల నుండి చూచిన గ్రంథాలు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివిన విద్యార్థికి 1944 నాటి భువనగిరిలో ఎవరు ఎక్కడ నిలిచారో, ఎందుకు నిలిచారో తెలుస్తుంది.